చెప్పుకొనలేని బాలుడు – బడి ధర్మము

మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత మన యిండ్లలోను బడులలోను తరతరములుగా వినబడుచున్నది. బాల్యముననే క్రమశిక్షణ యలవడవలెనను నంతవరకు దానిని కాదనువారుండరు. కాని దానిని బెత్తమునకు ప్రమాణముగా జూపువారు ఒక సంగతి మరచుచున్నారు. తోటమాలి మొక్కను వంచుటకు ముందు దాని మొదలు చూచును. నిన్నటి గాలివానకు వేరు కదలిన మొక్కను వంచబూనినచో అది వంగదు, విరుగును. దానికి ముందు కావలసినది ఊతకోల. మన బడికి వచ్చు పిల్లలలో వేరు కదలినవారెవరో, కదలనివారెవరో మనకు తెలియునా? తెలియనియెడల మన ధర్మమేమి?

ఒక తరగతిలో నిద్దరు బాలురున్నారనుకొందము. మొదటివాని తండ్రి గతించి నెలదినములైనది. ఆ సంగతి ఊరంతయు నెరుగును. వాడు పాఠము నడుమ కంటనీరు పెట్టుకొన్నచో ఉపాధ్యాయుడు దగ్గరకు దీసికొని ఓదార్చును. రెండవవాని తండ్రి బ్రతికియేయున్నాడు. కాని రాత్రి త్రాగివచ్చి తల్లిని కొట్టును. బాలుడు తెల్లవారువరకు చెవులు మూసికొని పడియుండి, పగలు బడిలో కునుకుచుండును. ఉపాధ్యాయుడు వెనుకనుండి వచ్చి భుజముపై చేయి వేయగానే ఉలికిపడి లేచి, ఆ చేతిని విదలించి, పుస్తకము విసరివేయును. వానికి దెబ్బలు తప్పవు. పైగా గుమ్మము వెలుపల నిలుచుండవలెను. ఇద్దరును గాయపడినవారే. మొదటివాని దుఃఖము పదిమందిలో చెప్పుకొనదగినది. రెండవవానిది చెప్పినచో ఇంటి పరువు పోవును. కావున మన దయ దుఃఖముయొక్క బరువునుబట్టి కలుగుటలేదు, దానిని చెప్పుకొనగల్గుటనుబట్టి కలుగుచున్నది. ఇది న్యాయమా యనునదే యిచట విచారింపవలసిన ప్రశ్న.

భయము కేవలము మనస్సునకు సంబంధించినదని పెద్దలు తలచుచుందురు. శరీరశాస్త్రము వేరుగా చెప్పుచున్నది. ఆపద తోచినపుడు మెదడులోని అమిగ్డలా యను భాగము దేహమునకు హెచ్చరిక యిచ్చును. అడ్రినలిన్, కార్టిసోల్ అను రసములు రక్తమున గలియును; గుండె వడిగా కొట్టుకొనును; కండరములు బిగియును. పోరాడుటకో, పారిపోవుటకో, కదలక మెదలక యుండుటకో దేహము సిద్ధమగును. మంచిచెడ్డలు తూచి, మాట వెదకికొను శక్తి నుదుటివెనుకనున్న మెదడు భాగమునకు చెందినది. అది యా క్షణమున వెనుకబడిపోవును. పామును ఎదుట జూచినవాడు ఎక్కము అప్పగింపజాలడు గదా! ఆపద ఒక్కనాటిదైనచో కొంతసేపటికి దేహము కుదుటపడును. ప్రతిరాత్రియు వచ్చునదైనచో, ఆపద లేనిచోట సయితము దేహము కావలి కాయుచునే యుండును. తలుపు చప్పుడు, హెచ్చుగొంతు, వెనుకనుండి పడిన చేయి—ఇవి యన్నియు వానికి రాత్రిని జ్ఞప్తికి దెచ్చునవే. అట్టివానిని మనము పెంకెవాడనియు మొద్దనియు పిలుచుచున్నాము.

ఇట్టి పిల్లలు ఎక్కడనో ఒకరిద్దరుందురు, వారికొరకు బడి నడవడి యంతయు మార్పవలెనా యని కొందరందురు. అమెరికాలోని శాన్ డియేగో నగరమున ఫెలిట్టి, ఆండా అను వైద్యులును వారి సహచరులును జరిపిన పరిశోధన 1998 మొదలుకొని ప్రకటితమైనది. 17,000 మందికి పైబడిన వయోజనులను వారి బాల్యమునుగూర్చి ప్రశ్నించిరి: దెబ్బలు తినిరా? అవమానముల పాలైరా? తల్లిని కొట్టుట చూచిరా? ఇంట త్రాగుబోతుగాని, మతి చలించినవారుగాని యుండిరా? మూడింట రెండువంతులమంది ఏదో యొక విధమైన బాధను చెప్పిరి. వీరు వీధులపాలైనవారు కారు. వైద్యభీమా గలిగి, చాలవరకు చదువుకొన్న సంసారులు. బాధలు ఎక్కువైనకొలది పెద్దతనమున గుండెజబ్బు, మనోవ్యాకులత మొదలగువాని అపాయము కూడ పెరిగినట్లు కనబడినది. అపాయము పెరుగుట వేరు, విధి నిర్ణయమగుట వేరు; అట్టి బాల్యము గలవారిలో చల్లగా జీవించినవారనేకులు గలరు. అయినను ఏ తరగతియందైనను ఇట్టి పిల్లలు కొందరుందురని మాత్రము మనము నమ్మవచ్చును. వారెవరో ముఖము చూచి చెప్పలేము.

కావున బడికి రెండు మార్గములు గలవు. ప్రతి బాలుని పిలిచి అతని యింటి గుట్టు అడిగి, బాధితుడని తేలినవానికి దయ చూపుట మొదటిది. ఇది దయవలె కనబడును గాని, బాలుని దుఃఖమునకు వెల కట్టుటయే యగును. తన తల్లిపాటును పరులకు విప్పిచెప్పిననే తప్ప దెబ్బ తప్పదనుట ఎంత క్రూరము! పైగా అట్లు చెప్పినది ఉపాధ్యాయుల విశ్రాంతి గదిలో కబురుగా మారినచో, మొదటి గాయముపై రెండవ గాయము. ఎవరు గాయపడినను గాయపడకున్నను, ఎవరును చెప్పనక్కరలేకుండ, అందరికిని భద్రమగు నడవడిని బడి యలవరచుకొనుట రెండవ మార్గము. శస్త్రవైద్యుడు రోగి చరిత్ర విని చేతులు కడుగుకొనునా? ఎవరికైనను కడుగుకొనియే ముట్టును. ఉపాధ్యాయుని మృదుత్వమును అట్టిదే కావలెను.

ఈ నడవడి యేమియో గొప్ప విద్య కాదు. ఆనాటి కార్యక్రమము ఉదయమే పలకపై వ్రాయుట, మార్పున్నచో ముందుగా చెప్పుట. వెనుకనుండి వచ్చి తాకకుండుట. తప్పును పదిమందిలో గాక ఏకాంతమున ఎత్తిచూపుట. మనస్సు చెదరినవాడు కొంతసేపు కూర్చుండుటకు ఒక మూల నేర్పరచుట. 'మా నాన్నగారు' అని వ్యాసము వ్రాయుమన్నపుడు, వలయునన్న మరియొక విషయము నెన్నుకొను స్వేచ్ఛ నొసగుట. అన్నింటికన్న ముఖ్యము, నిన్నటివలెనే నేడును ఉండు ఒక పెద్దమనిషి. రెండవ ప్రపంచయుద్ధమున లండనుపై బాంబులు పడుచున్నపుడు అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అను విదుషీమణులు హాంప్‌స్టెడ్‌లో శిశుగృహములు నడపిరి. బాంబులకన్న తల్లినుండి వేరగుటయే పిల్లలను ఎక్కువగా క్రుంగదీసినదని వారు గమనించిరి. నమ్మదగిన మనిషి ప్రక్కనున్నచో బిడ్డ ఎంతటి భయమునైనను కొంత సహింపగలదు.

ఇట్లు మెత్తబడినచో నియమము చెడదా యని ప్రశ్న రాకమానదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమందలి వాలావాలా పట్టణమున లింకన్ ఉన్నతపాఠశాల యొకటి గలదు. ఇతర బడులలో ఇమడని పిల్లలు అచట చేరుచుండెడివారు. ప్రధానోపాధ్యాయుడు జిమ్ స్పోర్లెడర్ గారు 2010లో పద్ధతి మార్చిరి. తిట్టిన బాలుని వెంటనే వెళ్లగొట్టక, కూర్చుండబెట్టి, నీ కోపము ఎంతవరకు వచ్చినది, ఏమి జరుగుచున్నదని మెల్లగా నడుగుట మొదలిడిరి. శిక్ష తొలగలేదు, చాలవరకు బడిలోనే యనుభవించునట్లు ఏర్పాటైనది. అంతకుముందు సంవత్సరమున పిల్లలు సస్పెన్షన్‌వలన బడికి దూరమైన దినములు 798. మరుసటి సంవత్సరమున 135. ఒక్క బడి లెక్క లోకమంతటికి ప్రమాణము కాజాలదు. అయినను నియమము చెడునను భయమునకు అది కొంత సమాధానమే.

కారణము తెలిసికొనుట వేరు, తప్పును లేదనుట వేరు. పుస్తకము విసరిన బాలుడు దానిని తీసి అతికింపవలసినదే, తోటివానికి తగిలినచో క్షమాపణ కోరవలసినదే. కాని యా మాట చెప్పుటకు సమయము గలదు. గుండె కుదుటపడిన పిమ్మట చెప్పినది చెవికెక్కును. దడదడలాడునపుడు చెప్పినది మరియొక బెదరింపుగానే వినబడును. దెబ్బకు జంకి ఊరకుండిన బాలుడు నియమము నేర్చుకొన్నాడని మనము భ్రమపడుచున్నాము. బలవంతుడు చేయెత్తినపుడు ఊరకుండవలెనను పాఠము వాడు ఇంటనే నేర్చియున్నాడు. బడి దానిని మరల వల్లెవేయించినది, అంతే.

మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము, 17వ విభాగమున, శారీరక దండనమును మానసిక వేధనను నిషేధించినది. కాని చట్టము చేతిని ఆపగలదు గాని చూపును మార్చలేదు. చూపు మారిన తావులు మనలో లేకపోలేదు. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వేంకటరంగయ్య ఫౌండేషన్ వారు, శాంతా సిన్హా గారి నాయకత్వమున, వెట్టిచాకిరినుండియు పొలముపనులనుండియు విడిపించిన పిల్లలను తిన్నగా తరగతిలో కూర్చుండబెట్టలేదు. ముందు శిబిరములలో నుంచి, పాటలతో కథలతో ఆటలతో చదువుపై నమ్మకము కలిగించి, తరువాత బడులకు పంపిరి. ఊతకోల ముందు, పాఠము వెనుక—మన తెలుగునేలపై నడచిన పద్ధతియే యిది.

ఉపాధ్యాయుని పక్షమునకూడ ఒక మాట చెప్పవలెను. ఏబదిమంది పిల్లల నడుమ నిలిచినవానిని వైద్యుడవు కమ్మనుట అన్యాయము. అతడు గాయమును మాన్పనక్కరలేదు, దానిని మరల రేపకున్న చాలును. పై యధికారులు తన్ను పదిమందిలో అవమానించుచుండగా, అతడు పిల్లలయెడ మృదువుగా నుండవలెననుట కష్టము. ఉపాధ్యాయుని గౌరవించుటయు ఈ ధర్మములో భాగమే.

బాలుడు తనంత తాను నోరు విప్పినపుడు మరియొక ధర్మము వచ్చిపడును. ఎవరికిని చెప్పనని ముందుగా వాగ్దానము చేయరాదు. బిడ్డపై లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసినచో అధికారులకు తెలుపవలసినదేయని 2012 నాటి పోక్సో చట్టము శాసించుచున్నది. నీ రక్షణకు అవసరమైనవారికి మాత్రమే చెప్పెదనని మొదటనే చెప్పుట మేలు. పిల్లల సహాయమునకు 1098 సంఖ్య గలదని ప్రతి యిల్లును ఎరిగియుండవలెను.

కడపట మన గృహస్థుల మాట. కండ్లు మాత్రము విడిచి చర్మమొలువుడని ఉపాధ్యాయునితో పలుకు తల్లిదండ్రులు నేటికిని గలరు. ఆ మాట తమ బిడ్డకు మాత్రమే తగులునని వారు తలతురు. ఉపాధ్యాయుని చేతికి మనమిచ్చు ఆ యనుమతి తరగతియంతటిపై పడును. ఇంట ఊతలేని బాలునిపై మరింత పడును. మన బిడ్డకు కొంత సుఖము గలదు గనుక ఆ దెబ్బను మరచును, వాడు మరువడు. కావున మరల బడికి పోయినపుడు మన బిడ్డ మార్కులతోపాటు ఒక్క ప్రశ్న యడుగుదము: ఈ తరగతిలో తన బాధ చెప్పుకొనని బాలునికిని భద్రముగా నుండుటకు వీలున్నదా? దానికి ఉపాధ్యాయుడు తడుముకొన్నచో నిందింపక, ఏమి చేయవచ్చునో అతనితో కలసి ఆలోచింతము.