దాటిన తరువాత పడవ

గమ్యం చేరాక అక్కడిదాకా చేర్చిన సాధనాన్ని ఏం చేయాలి? భారతీయ దర్శనాల్లో ఈ ప్రశ్న తరచుగా పడవ రూపంలోనే వస్తుంది. సంసారం నీరు, మోక్షం అవతలి ఒడ్డు, సాధన పడవ. దాటడం గురించి దర్శనాల మధ్య పెద్ద గొడవ లేదు. దాటాక ఒడ్డున నిలిచిన పడవ దగ్గరే అభిప్రాయాలు విడిపోతాయి.

ఈ చర్చకు మూలమైన కథ బౌద్ధుల పాలి గ్రంథమైన మజ్ఝిమ నికాయంలోని 22వ సుత్తంలో, అంటే అలగద్దూపమ సుత్తంలో ఉంది. ఒక బాటసారికి దారిలో పెద్ద జలరాశి అడ్డం వస్తుంది. ఇవతలి ఒడ్డున భయం, అవతల క్షేమం. పడవ లేదు, వంతెన లేదు. అతను గడ్డీ, కట్టెలూ, కొమ్మలూ, ఆకులూ పోగుచేసి తెప్ప కట్టుకుని, చేతులతో కాళ్లతో నీటిని తోసుకుంటూ దాటుతాడు. అంత మేలు చేసిన తెప్పను నెత్తిన పెట్టుకునో, భుజాన వేసుకునో నడవడం సబబా అని బుద్ధుడు భిక్షువులను అడుగుతాడు. కాదని వాళ్లంటారు. ధర్మం తెప్పలాంటిది, దాటడానికే తప్ప పట్టుకు వేలాడడానికి కాదని ఆయన ముగిస్తాడు.

ఈ కథను చెప్పుకునేటప్పుడు మోసుకుపోవడం, వదిలేయడం అని రెండే దారులున్నట్టు చెబుతారు. సుత్తంలో ఉన్నవి మూడు. నెత్తిన మోయడం తప్పు. తెప్పను నేల మీదికి లాగి పెట్టడం, లేదా నీటిలో తేలిపోనివ్వడం - ఈ రెండింటిలో ఏది చేసినా చేయవలసింది చేసినట్టే. నెత్తిన మోయడానికీ నేలకు లాగడానికీ తేడా ఏమిటో తేలితే ప్రశ్నలో సగం విడిపోతుంది.

ఆ తేడా బాపట్ల దగ్గరి సూర్యలంకలోనో, రేపల్లె దిగువన నిజాంపట్నం తీరంలోనో కంటికి కనిపించేదే. తూర్పు తీరంలో మరపడవలకూ మోటారు పడవలకూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. తుపాను హెచ్చరిక వస్తే ఏ నెలలోనైనా వేట ఆగిపోతుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వేళ పెద్ద మరపడవలను రేవులో లంగరేసి మోకులు బిగిస్తారు. చిన్నవాటిని అలలు అందని ఎత్తుకు లాగుతారు. పాతకాలపు దుంగల తెప్పనైతే వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగలు మోసుకొచ్చి ఇసుక మీద ఆరబెట్టేవారు. తడి పీల్చిన కొయ్య బరువెక్కుతుంది, బరువెక్కిన తెప్ప సరిగ్గా తేలదు. బాటసారి చేయకూడదన్న పని, తెప్పను భుజానికెత్తుకోవడం, బెస్తవాడు రోజూ చేసేవాడు. అతను మూర్ఖుడు కాడు. అతని మోత తీరం నుంచి మెరక దాకానే, అక్కడ దించేస్తాడు.

బోటును ట్రైలర్ మీదికి ఎక్కించే పనిలో ఈ విషయం ఇంకా తేటపడుతుంది. రేవు దగ్గర నీటిలోకి దిగే వాలు కట్టు ఉంటుంది. ట్రైలర్‌ను దాని మీదుగా వెనక్కి దింపి చక్రాలు నీట మునిగేదాకా పోనిస్తారు. బోటు తేలుతూనే ట్రైలర్ నడుమకు వస్తుంది. ముందు కొసకు తాడు తగిలించి చక్రంతో చుట్టి బిగించి, బండిని మెల్లగా పైకి నడుపుతారు. ట్రైలర్ మరీ లోతుకు దిగితే బోటు దాని మీద కుదురుకోక పక్కకు జారుతుంది. మరీ పైన ఆగితే అడుగు గీసుకుపోతుంది. సరైన లోతులో కొంతసేపు బరువులో ఒక పాలు నీరూ, ఒక పాలు ట్రైలరూ మోస్తాయి. బండి పైకి కదిలిన కొద్దీ నీటి పాలు తగ్గి చివరకు ఏమీ మిగలదు. ఇంతటిలో ఆ బరువు మనిషి నెత్తికి ఎక్కడా చేరదు.

సుత్తంలోని నిషేధం ఈ చివరి మాటలోనే ఉంది. తెప్ప ఉండడంలో దోషం లేదు, దాని భారం దాటినవాడి మీదికి రావడంలో ఉంది. బుద్ధఘోషుడి వ్యాఖ్యానం కూడా ఇటే మొగ్గుతుంది: వదలవలసింది శమథ విపశ్యనల మీది మమకారాన్ని, ఆ సాధనలను కాదు. దాటినవాడు శీలాన్ని మానడు, ధ్యానాన్ని మానడు; వాటిని తన ఘనతగా తలకెత్తుకోడు, అంతే. వ్యాఖ్యానం తెప్పను నేలకు లాగి పెట్టే పక్షాన నిలిచిందని చెప్పవచ్చు.

మరి నీటిలో తేలిపోనిచ్చే దారి మాటేమిటి? గడ్డీ కొమ్మల తెప్పకు అది నిరపాయమే. పడవకు అలా కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణకు భారీ వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి, పడవలను వెలికితీయడానికి రోజులు పట్టింది. తెనాలి, బాపట్ల, రేపల్లె మాగాణులకు నీళ్లిచ్చే కాలువలు బయలుదేరేది ఆ బ్యారేజీ దగ్గరే. ఒకరు వదిలిన పడవ దిగువన ఇంకొకరికి ఆపద కావచ్చునన్న సంగతి కథలోని బాటసారికి పట్టలేదు. అతని జలరాశి మీద ఇంకెవరూ లేరు.

తత్త్వంలోనూ ఇలాంటి ప్రమాదం ఉందని ఆ సుత్తమే చెబుతుంది. తెప్ప కథకు ముందు అరిట్ఠుడనే భిక్షువు ప్రస్తావన ఉంది. కామభోగాలు అంతరాయం కావని అతని వాదం. నియమం అనే తెప్పను దాటకముందే నీటిపాలు చేసినవాడు. అతని గురించే బుద్ధుడు పామును తోక దగ్గర పట్టుకున్నవాడి పోలిక చెప్పాడు. కృష్ణా లోయతో సంప్రదాయం ముడిపెట్టే నాగార్జునుడు మూలమధ్యమక కారికల 24వ ప్రకరణంలో అదే పామును మళ్లీ తెచ్చాడు: శూన్యతను తప్పుగా పట్టుకుంటే పట్టుకున్నవాడికే చేటు. అన్నిటినీ వదలమనే బోధను కూడా ఒక దృష్టిగా మోసుకు తిరిగేవాళ్లకు చికిత్స లేదని 13వ ప్రకరణంలో అంటాడు. ఖాళీ నెత్తిన కూడా తెప్ప మోయవచ్చునన్నమాట.

అద్వైతం వదలడాన్ని ఒప్పుకుంటుంది. ధాన్యం కోరేవాడు గడ్డిని వదిలినట్టు జ్ఞాని గ్రంథాలను వదలాలని అమృతబిందు ఉపనిషత్తు చెబుతుంది. జ్ఞానం కలిగాక వేదం కూడా వేదంగా నిలవదని బ్రహ్మసూత్ర భాష్యంలో (4.1.3) శంకరులు ఒప్పుకున్నారు. అయితే ఆ మాట అన్నది వేదం మీద జీవితమంతా భాష్యం రాసిన మనిషి. దీన్ని వైరుధ్యం అనుకోనక్కర్లేదు. గురువుకు పడవ పనిలేదు, శిష్యుడికి ఉంది. అందుకని రేవులో దాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి.

విశిష్టాద్వైతం అసలు ప్రశ్ననే ఒప్పుకోదు. ఉపాసన మరణం దాకా సాగాలన్న బ్రహ్మసూత్రాన్ని (4.1.12) రామానుజులు మోక్షోపాసనకే అన్వయించారు. శంకరుల వ్యాఖ్యలో అది అభ్యుదయ ఫలాలనిచ్చే ఇతర ఉపాసనలకు మాత్రమే వర్తిస్తుంది. ఒకే సూత్రం, రెండు ఒడ్లు. రామానుజుల లెక్కలో సేవ దాటించే సాధనమే కాదు, చేరిన చోట చేసే పని కూడా. వైష్ణవాలయాల తెప్పోత్సవాన్ని ఈ కంటితో చూడవచ్చు: స్వామిని ఎక్కించుకున్న తెప్ప కోనేటిలో చుట్లు తిరిగి బయలుదేరిన మెట్ల దగ్గరికే వస్తుంది. అది ఎవరినీ ఏ ఒడ్డుకూ దాటించదు.

మహాయానం ఇంకో వైపు నుంచి ఇక్కడికే వస్తుంది. వజ్రచ్ఛేదిక తెప్ప పోలికను తిరిగి చెబుతూనే, బోధిసత్త్వుడు అందరినీ నిర్వాణానికి చేర్చాలంటుంది. మళ్లీ నీటిలోకి దిగవలసినవాడు తెప్పను పారవేయలేడు. బెస్తవాడికీ ఇదే ఇబ్బంది. పాలి కథ ఒక్క దాటింపు కోసం కట్టినది. వేటకు వెళ్లేవాడికి అవతలి ఒడ్డంటూ లేదు, వెళ్లిన ఒడ్డుకే తిరిగి వస్తాడు. అతనికి తెప్పను నేలకు లాగడమొక్కటే దారి.

ఈ వాదాలన్నీ వదిలినవాడి వైపు నుంచి చేసినవే. ఒడ్డున ఉండిపోయిన తెప్ప ఏమవుతుందో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలోని భట్టిప్రోలులో దానికి ఒక ఉదాహరణ దొరుకుతుంది. ధర్మాన్ని తెప్పలా చూడమన్నవాడి ధాతువులను అక్కడివాళ్లు రాతి కరండాల్లో దాచి, పైన మహాస్తూపం కట్టారు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో ఆ కరండాలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలను బ్యూలర్ చదివాడు, వాటిలో కుబిరక రాజు పేరుంది. అంతకు ముందే స్తూపం చలువరాళ్లూ ఇటుకలూ కాలువ పనులకూ రోడ్డు పనులకూ తరలిపోయాయి. డెల్టాలో పడవలు నడిచిన కాలువలవి. ఆ రాళ్లను మోసుకుపోయినవాళ్లకు అవతలి ఒడ్డుతో నిమిత్తం లేదు. వాళ్లకు కావలసింది లాకుల గోడకు సరిపోయే రాయి.