ఊరి వేళకు వెళ్ళడం

మూడు రోజుల సెలవు దొరికి, ఇంట్లో కారుంటే మనం మొదట చేసే పని ఫోనులో మ్యాపు తెరవడం. చూడదగ్గ చోట్లన్నీ గుర్తు పెట్టుకుంటాం. ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లో, ఎంతసేపు పడుతుందో లెక్క కడతాం. పొద్దున్న ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా రోజును ముక్కలు చేసి, ముక్కకో ఊరిని సర్దేస్తాం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల మీదుగా చిన్న ప్రయాణం అనుకుంటే ఆ జాబితా తొందరగానే నిండుతుంది. రామతీర్థం, బొబ్బిలి, పొందూరు, అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, శ్రీముఖలింగం, తేలినీలాపురం, బారువ. దూరాలు పెద్దవి కావు కనుక, పరుగెత్తితే మూడు రోజుల్లో అన్నీ అయిపోతాయి కూడా.

అయితే ఈ నేల మీద చూడదగ్గవాటిలో చాలావాటికి సొంత వేళ ఉంది. ఆ వేళకు మనం అక్కడుంటే అవి మనకు దక్కుతాయి. లేకపోతే వెళ్ళొచ్చామని చెప్పుకోవడానికి ఫోటో మిగులుతుంది. అందుకే ఈ దారిన బయలుదేరేవారు దూరాల కన్నా ముందు వేళలు తెలుసుకోవాలని నా నమ్మకం. మన తీరికను తీసుకెళ్ళి ఊరి వేళతో కలపడమే ప్రయాణానికి సిద్ధపడటం.

అరసవల్లినే తీసుకోండి. ఏడో శతాబ్దంలో తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే సూర్యనారాయణస్వామి గుడి అది. ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ, ఉదయపు కిరణాలు లోపలికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఆ కాంతి ఉండేది కొద్ది నిమిషాలే. తెల్లవారకముందే వచ్చి నిలబడ్డ జనం ఆ నిమిషాల కోసం ఊపిరి బిగబట్టి చూస్తారు. మబ్బు పట్టిన రోజున దణ్ణం పెట్టుకుని ఇళ్ళకు వెళ్తారు. డబ్బిచ్చినా, పలుకుబడి వాడినా ఆ వెలుగును కాసేపు ఆపలేం, మధ్యాహ్నానికి మార్చలేం. మన అదుపులో లేని ఒక మంచిని ఓపిగ్గా నిలబడి అందుకోవడం ఎలాగో అక్కడ ఒక్క ఉదయం నేర్పుతుంది.

టెక్కలి దగ్గరి తేలినీలాపురంలోనూ అంతే. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు నాటికి వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని మార్చి తర్వాత వెళ్ళిపోతాయి. అవి రావడం ఊరికి శుభమని అక్కడివారి నమ్మకం. వేసవి సెలవుల్లో పిల్లలకు చూపిద్దామని వెళ్తే ఖాళీ కొమ్మలు కనిపిస్తాయి.

వేళ తెలియడమంటే ఎప్పుడు వెళ్ళకూడదో తెలియడం కూడా. ఈ తీరంలో అక్టోబరు రెండో వారం అంటే జనానికి గుండె దడ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానం ప్రాంతం మీద పడి కొబ్బరి, జీడి తోటలను కూలదోసింది. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ తోటల మధ్య వెళ్తూ పచ్చదనం బాగుందని ముచ్చటపడటం తేలిక. తుఫానుకు తట్టుకున్న ముదురు చెట్టేదో, తర్వాత నాటిన లేత చెట్టేదో విడిగా గుర్తించాలంటే కారు దిగాలి, తోటవారితో రెండు మాటలు మాట్లాడాలి. ఒక కుటుంబం ఎన్నేళ్ళ రాబడి పోగొట్టుకుని మళ్ళీ గొయ్యి తవ్విందో అప్పుడు తెలుస్తుంది.

నన్నడిగితే డిసెంబరు నెలాఖరు, పెద్దపండగకు ముందు రోజులు మంచివంటాను. చేలలో వరి కోతలై కుప్పలు పడి ఉంటాయి. కళ్ళాల్లో నూర్పులు సాగుతుంటాయి. పొద్దున్నే మంచు, దారి పక్కన తేగల కట్టలు, గెడ్డల్లో ఇంకా నీళ్ళు. ఊరికి చేతినిండా పని ఉండే కాలమది. పని జరుగుతున్నప్పుడే ఊరు తన నిజమైన ముఖంతో కనిపిస్తుంది.

ఇక మనుషులు చేతులతో చేసే పనుల వేళ మరింత నెమ్మది. పొందూరులో ఖాదీ నూలు తయారయ్యే తీరు చూడండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నని పళ్ళ మధ్య చెత్తా నలుసూ పోయి పోగు తేటపడుతుంది. తర్వాత గింజ తీయాలి, ఏకాలి, మెత్తని ఏకులు చుట్టి అరటి దొప్పలో భద్రపరచాలి, అప్పుడు రాట్నం ముందు కూర్చోవాలి. ఇదంతా ఎక్కువగా ఆడవాళ్ళు ఇళ్ళల్లో, వంటా పిల్లల పనుల నడుమ చేస్తారు. గాంధీజీ మెచ్చుకున్న ఆ సన్నని బట్ట వెనుక ఇంత ఓపిక ఉంది. దుకాణంలో పది నిమిషాలు నిలబడి పంచె కొనుక్కుని వచ్చేస్తే బట్ట దొరుకుతుంది. ఒక అరుగు మీద గంటసేపు కూర్చుంటే, ఆ బట్ట ధర ఎందుకంతో మనసుకు తెలుస్తుంది. ఇక బేరమాడటానికి నోరు రాదు.

బొబ్బిలి పక్కన గొల్లపల్లి వీణల ఊరు. సర్వసిద్ధి వంశంవారు తరతరాలుగా పనస కర్రతో వీణలు చేస్తున్నారు. కుండ, దండి విడివిడిగా కాకుండా ఒకే మానులోంచి తొలిచే వీణకు అక్కడ పేరు. చెట్టు పెరిగిన ఏళ్ళు, కర్ర ఆరిన నెలలు, ఉలి నడిచిన వారాలు అన్నీ చేరితే ఒక వీణ. దాని మీద మంచి స్వరం పలికించాలంటే వాయించేవారి జీవితంలో ఇంకొన్నేళ్ళు కావాలి. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు ఆ బాధ్యత తీసుకున్నారు. ఆ బడికీ ఈ పల్లెకూ మధ్య గంటన్నర దారి. పాట నేర్పేచోటూ, వాయిద్యం పుట్టేచోటూ ఇంత దగ్గరగా ఉండటం ఈ నేల భాగ్యం.

ఇలాంటి ప్రయాణాలంటే లోకమంతా ఫ్రాన్స్ పల్లెల పేరు చెబుతుంది. అక్కడ 1982లో కొలోంజ్-లా-రూజ్ అనే ఎర్రరాతి ఊరి మేయరు చొరవతో కొన్ని అందమైన పల్లెలు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. రెండు వేల మందికి మించని ఊళ్ళకే అందులో చోటు. ఆ పల్లెల్లో కారులో తిరిగేవారికి తొందరగానే ఒక సంగతి తెలిసివస్తుంది. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి చాలా దుకాణాలు తలుపులు వేసేస్తాయి. భోజనం, విశ్రాంతి అయ్యాకే మళ్ళీ తెరుస్తారు. ఎంత దూరం నుంచి వచ్చిన అతిథి అయినా ఆ వేళకు తలవంచాల్సిందే. ఆ పల్లెల అందంలో రాతి గోడల వంతు ఎంతో, ఆ పట్టుదల వంతూ అంతే అనిపిస్తుంది నాకు.

ఫ్రెంచివారు మన దారిలోకీ వచ్చారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను వారికి అప్పగించాడు. చికాకోలు అని వాళ్ళు పిలిచిన శ్రీకాకుళం అందులో ఒక భాగం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేన, విజయనగరం రాజుతో కలిసి బొబ్బిలి కోటను ముట్టడించింది. రెండు సంస్థానాల పాత తగాదాలో పరాయి ఫిరంగి తలదూర్చింది. ఒక్క పగటిలో కోట పడిపోయింది, స్త్రీలూ పిల్లలూ అగ్నికి, కత్తికి బలయ్యారు. ఇవాళ బొబ్బిలిలో స్మారక స్తంభం ముందు నిలబడితే నాకు కలిగే ఆలోచన ఇది. ఊరి లోపలి కథ తెలియకుండా, తన పని తొందరగా తేల్చుకుపోదామని వచ్చినవాడి వల్ల ఊరికి ఎన్నడూ మేలు జరగలేదు. మన చేతిలో ఆయుధం లేదు, నిజమే. తొందర మాత్రం మనతోనూ వస్తుంది. దాన్ని ఇంటి దగ్గరే దింపుకుని రావాలి.

కాబట్టి మూడు రోజుల జాబితాను నేను ఇలా కుదిస్తాను. మొదటి రోజు విజయనగరం నుంచి బొబ్బిలి, గొల్లపల్లి, అక్కడి నుంచి రాజాం మీదుగా పొందూరు, రాత్రికి శ్రీకాకుళం. రెండో రోజు తెల్లవారుజామున, కిరణాలు పాదాలను తాకే రోజులు కాకపోయినా, అరసవల్లి, తర్వాత శ్రీకూర్మం. కూర్మావతారానికి ఉన్న అరుదైన గుడి అది. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. స్తంభాల మీద వందల ఏళ్ళ శాసనాలు. సాయంత్రం శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాల పక్కన నుంచి కింద వంశధారను చూసి, చీకటి పడేలోగా ఆ ఏరు కళింగపట్నం దగ్గర కడలిలో కలిసేచోటికి చేరవచ్చు. మూడో రోజు అదే వంశధార వెంట ఎగువకు, శ్రీముఖలింగానికి. తూర్పు గాంగుల కళింగనగరం అదే. పూరీ జగన్నాథుడి ఆలయాన్ని తలపెట్టిన చోడగంగదేవుడి వంశం తొలినాటి రాజధాని. మధుకేశ్వరుడి గుడి రాతి చెక్కడాల ముందు ఒక పూట గడపాలి. మిగిలిన సమయంలో శ్రీకాకుళం తిరిగొచ్చి కథానిలయంలో కూర్చోవాలి. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఇల్లు అది.

రామతీర్థం, తేలినీలాపురం, ఉద్దానం, బారువ మరో ఏటికి. వాటిని వదలడం బాధగానే ఉంటుంది. అయినా వదలాలి. ఏ రోజునైనా మూడు నాలుగు చోట్లకు మించి నింపితే, దారిలో ఎవరైనా పిలిచి మాట్లాడితే ఆగడానికి మనకు వేళ మిగలదు. ఇక్కడ పిలిచి మాట్లాడేవారు చాలామంది. దారి అడిగితే ముందు ఎక్కడి నుంచి వస్తున్నారో అడుగుతారు. "బేగెల్లాలంటే అలా పొండి బాబూ, ఊళ్ళు సూసుకుంటా ఎల్లాలంటే ఇలా పొండి" అని రెండు దారులూ చెబుతారు. రెండో దారి పట్టడానికే మనం వచ్చాం.

ఎక్కువసేపు ఆగడం ఎంత ఫలిస్తుందో గిడుగు రామమూర్తి జీవితం చెబుతుంది. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, వంశధార ఒడ్డున పుట్టారాయన. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. అది ఒక సెలవులో అయ్యే పని కాదు. ఏళ్ళ తరబడి వాళ్ళ మాట విని, రాసుకుని, సవర నిఘంటువు తయారుచేశారు. 1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఆ కొండా, ఆ ఏరూ ఎందరో రోజూ చూసినవే. నిలిచి చూసిన కంటికి అవి తమ కథ చెప్పాయి.

ఇంకొక సంగతి మనసులో పెట్టుకుని ఈ దారుల్లో వెళ్ళాలి. ఈ జిల్లాలవారికి రోడ్డంటే చాలాకాలంగా ఊరు విడిచి వెళ్ళే దారి. ఇళ్ళు కట్టే పనికి హైదరాబాదు, విజయవాడ, చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్. 2018లో అక్కడి నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ గస్తీకి చిక్కిన మన జాలర్లు, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. మనం తీరిగ్గా అద్దం దించుకుని చూసే ఊళ్ళో, ముసలివాళ్ళే కనిపిస్తున్నారంటే కారణం అది. వారి బిడ్డలు కట్టిన ఇళ్ళల్లో మనం ఉంటూ, సెలవుకు వారి ఊరికి వచ్చాం. ఈ ఎరుక మనల్ని మర్యాదగా ఉంచుతుంది. ఫోటో తీసేముందు "తియ్యమంటావా అమ్మా?" అని అడుగుతాం. కొబ్బరి బొండానికి చెప్పిన ధర ఇస్తాం. గుడి పూజారినీ, రాట్నం ముందున్న పెద్దమ్మనూ వారి పని అయ్యేదాకా ఆగి పలకరిస్తాం.

బాగా బతకడం గురించి నాకు తెలిసినంతలో ఇదొక ముఖ్యమైన పాఠం. మన తీరికనే గడియారం చేసుకుని లోకాన్ని దాని ప్రకారం నడవమంటాం. పిల్లలతో మనకు వీలైనప్పుడు మాట్లాడతాం, వాళ్ళు చెప్పాలనుకున్నప్పుడు వినం. అమ్మానాన్నలను చూడటానికి పండగ రద్దీలో వెళ్ళి, రెండు పూటలుండి, తిరుగు టికెట్టు వేళకు లేచి వచ్చేస్తాం. మూడు రోజుల పాటు సూర్యుడి వేళకు, కర్ర ఆరే వేళకు, నూలు తేటపడే వేళకు మనల్ని మనం సర్దుకోగలిగితే, ఇంటికొచ్చాక మనుషుల వేళకు సర్దుకోవడం కూడా సాధ్యమేనని తెలుస్తుంది. ఆ అలవాటు నిలిస్తే ప్రయాణం ఫలించినట్టే.

అందుచేత ఈ ఏడు సెలవు చీటీ రాసేముందు మ్యాపు పక్కన పెట్టండి. ఆ వైపు ఊళ్ళో మీవాళ్ళెవరైనా ఉంటే ఫోను చేసి, కోతలెప్పుడో, నూర్పులెప్పుడో, ఊళ్ళో సంబరం ఎప్పుడో కనుక్కోండి. వాళ్ళు చెప్పిన తేదీలకే సెలవు పెట్టండి.