ముంబయి విహారము – శ్రావకుని హద్దు

వ్రతము ఇంటికి సంబంధించినదా, మనిషికి సంబంధించినదా? ఈ ప్రశ్న సామాయికములో కూర్చున్నవానికి తోచదు. ప్రయాణమునకు పెట్టె సర్దుకొనువానికి తోచును.

బరంపురములోను, యానాములోను, బళ్లారిలోను, షోలాపురములోను, చెన్నపట్టణములోను తరతరములుగా స్థిరపడిన వర్తక కుటుంబములు ఏడాదికొకమారు దుకాణపు పని ఇంకొకరికి అప్పగించి నాలుగు దినములు ఎచటికైనా పోయి రావలెనని తలచుట సహజము. ముంబయి చూడవలెనని పిల్లలు కోరుదురు. బరంపురమున కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినచో ఇంచుమించు ఒకటిన్నర దినములో శివాజీ టెర్మినస్ చేరవచ్చును. ప్రయాణము నిశ్చయమైన వెంటనే ఇంటిలో ఒక కాగితముపై రెండు పట్టీలు తయారగును. ఒకటి చూడవలసినవి, రెండవది తినవలసినవి. మూడవ పట్టీ ఒకటి ఉండవలెనని ఎవరికిని తోచదు. ఎంతవరకు పోవలెను, ఎచట ఆగవలెను అను పట్టీ అది.

శ్రావకుని పన్నెండు వ్రతములలో ఆ మూడవ పట్టీకి చోటు ఎప్పుడో ఏర్పడియున్నది. ఉమాస్వాతి రచించిన తత్త్వార్థసూత్రము శ్వేతాంబరులకును దిగంబరులకును సమానముగా మాన్యమైన గ్రంథము. అందు దిగ్వ్రతము, దేశవ్రతము అని రెండు వ్రతములు కలవు. దిక్కులలో ఇంతకు మించి పోనని జీవితకాలమునకు హద్దు పెట్టుకొనుట దిగ్వ్రతము. ఆ హద్దులోపల మరల కొద్దికాలమునకు, ఒక దినమునకో మూడు దినములకో, ఇంకను చిన్న హద్దు గీచుకొనుట దేశవ్రతము. ఇవి వర్తకులకు తెలియని సంగతులు కావు. ఓడలమీదను, బండ్లమీదను దూరదేశములకు సరకు తోలిన జాతికి ఎంతవరకు పోవలెనను ప్రశ్న ధనాశతో ముడిపడినదే. దిగ్వ్రతము ప్రయాణమును నిషేధింపలేదు. ప్రయాణమునకు కొలత పెట్టినది.

ఆ వ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. పైకిని, క్రిందికిని, ప్రక్కలకును హద్దు దాటుట మూడు. నాల్గవది క్షేత్రవృద్ధి, అనగా పెట్టుకొన్న హద్దును తానే పెంచుకొనుట. అయిదవది హద్దు ఎచట పెట్టుకొన్నదియు మరచిపోవుట. విహారయాత్రలో మొదటి మూడు అరుదు. చివరి రెండును నిత్యము. “ఇంత దూరము వచ్చితిమి, ఇదికూడ చూచిపోదము” అను మాట క్షేత్రవృద్ధి. “ఊరిలో లేముగదా, ఇప్పుడు అవన్నియు ఎందుకు” అను మాట మరపు. పొలము గట్టు జరిపినవానిని దోషి యని పలుకు వర్తకుడు, తన హద్దురాయి తాను జరుపుకొనునప్పుడు దానికి సర్దుబాటు అని పేరు పెట్టును.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు, అది త్రోసివేయదగినది కాదు. సంవత్సరమంతయు లెక్కలతోను, బేరములతోను అలసినవారు విశ్రాంతికి పోవుచుండగా అచటకూడ లెక్కలేనా, సంతోషము పాపమా అని యువకులు అడుగుదురు. సంతోషము పాపమని ఏ ఆచార్యుడును గృహస్థునకు చెప్పలేదు. గృహస్థునివి అణువ్రతములు, మునివి మహావ్రతములు. ఈ రెంటికిని భేదము లేదన్నచో శ్రావకధర్మమే ఉండదు. కాని విశ్రాంతియనగా నియమమునుండి విశ్రాంతియా, అలసటనుండి విశ్రాంతియా అని అడుగవలసియున్నది. మూడు దినములలో ముప్పది చోట్లు చూచి, నిద్ర లేక, కడుపు చెడి తిరిగివచ్చినవాడు నియమము విడిచెను, విశ్రాంతియు పొందలేదు.

ఇచట దేశవ్రతము మంచి ప్రయాణపు పద్ధతియే అగుచున్నది. ముంబయి ఉత్తరదక్షిణములుగా పొడవైన నగరము; ఒక కొననుండి మరియొక కొనకు పోవుటలోనే పూట గడచును. కనుక ఒక్కొక దినమునకు ఒక్కొక ప్రాంతమును హద్దుగా పెట్టుకొనుట మేలు. మొదటి దినము కోట ప్రాంతము: 1888లో పూర్తియైన శివాజీ టెర్మినస్ భవనము, 1922లో ప్రజలకు తెరచిన మ్యూజియము, 1924లో ప్రారంభమైన గేట్‌వే ఆఫ్ ఇండియా. రెండవ దినము ఎలిఫెంటా. గేట్‌వే వద్ద పడవ ఎక్కినచో సుమారు ఒక గంట. గుహలకు సోమవారము సెలవు గనుక దినము చూచుకొనవలెను. మూడవ దినము మలబారు కొండపై వాల్కేశ్వరమున 1904లో నిర్మింపబడిన ఆదీశ్వర దేరాసరము, ఆ తరువాత భులేశ్వరము. కార్తీక పూర్ణిమ దాటిన పిదప బయలుదేరుట ఇంకను మంచిది. చాతుర్మాస్యములో మునులు కదలరు. శ్రావకులును అనవసర ప్రయాణములు మానుట ఆచారము. ముంబయికి జూన్ మొదలు సెప్టెంబరు వరకు జోరువాన. ఇచట ఆచారము, వాతావరణము ఒకే మాట చెప్పుచున్నవి.

ఇక రెండవ పట్టీ. ముంబయిలో “జైన్” అను మాట భోజనశాలల పట్టికలో ఒక రుచి పేరైపోయినది. జైన్ పావ్‌భాజీ, జైన్ వడాపావ్ అని వ్రాసియుండును. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. బంగాళాదుంపకు బదులు అరటికాయ. దీనిపై ఇండ్లలో రెండు పక్షములు గలవు. నాలుక కోరినది ఇచ్చుచు పదార్థమును మాత్రము మార్చుట వ్రతమును మోసగించుటయే యని పెద్దలలో కొందరందురు. కందమూలములలో అనంతజీవులున్నవి గనుక వానిని విడుచుటయే ముఖ్యము, అరటికాయ రుచిగానున్నచో దోషమేమి అని చిన్నవారందురు.

ఇందు చిన్నవారి మాటలో బలము గలదు. కందమూలత్యాగమునకు కారణము జీవదయ. నాలుకను శిక్షించుట కాదు. అరటికాయ వాడుటచేత ఆ దయ నెరవేరినది. కాని పెద్దల మాటయు వట్టిది కాదు; అది వేరొక వ్రతమునకు చెందిన మాట. భోగోపభోగములకు పరిమాణము పెట్టుకొనుమని చెప్పు వ్రతము పదార్థముతో తృప్తిపడదు, ఎంత అని అడుగును. పరిగ్రహమనగా వస్తువు కాదు, వస్తువుపై మూర్ఛయని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. ఒక పళ్లెము పావ్‌భాజీ ఆకలి తీర్చును. ఏ దుకాణములోనిది మేలో తేల్చుటకు ఒకే సాయంకాలము అయిదు దుకాణములు తిరుగుట, ఆ అయిదింటను “జైన్” అని వ్రాసియున్నను, మూర్ఛయే. పదార్థమునకు ఒక ప్రశ్న, పరిమాణమునకు ఒక ప్రశ్న. ఒకదాని జవాబుతో రెండవదానిని తప్పించుకొనరాదు.

అడుగుట యన్నచో మరియొకటి. పప్పు బస్తా కొనునప్పుడు నమూనా చేతిలోనికి తీసికొని, ఊది, నమిలి చూడక బేరము కుదుర్చుకొను వర్తకుడు లేడు. అదే మనిషి భోజనశాలలో బల్లమీది పలకను చూచి నమ్మును. ఇదే పెనముమీద ఇంతకుముందు ఉల్లి వేగినదా యని అడుగుటకు సిగ్గుపడును. సరకు విషయములో లేని సిగ్గు వ్రతము విషయములో ఎందుకు? మర్యాదగా అడిగినచో చెప్పువారే ఎక్కువ. చెప్పనివాని వద్ద తినకుండుటయు సులభమే. పావ్ పులియబెట్టిన పిండితో చేసినది గనుక అదికూడ వలదనువారున్నారు. వారు దేరాసరముల దాపున నున్న భోజనశాలలను ఆశ్రయించుట క్షేమము.

రాత్రిభోజనత్యాగము గలవారికి ఒక లెక్క చెప్పవలసియున్నది. బరంపురము, ముంబయి ఇంచుమించు ఒకే అక్షాంశమున నున్నవి. రేఖాంశములలో సుమారు 12 డిగ్రీల భేదము. గడియారము మాత్రము ఒకటే. అందువలన ముంబయిలో సూర్యుడు సుమారు 48 నిమిషములు, అనగా సరిగా ఒక ముహూర్తము, ఆలస్యముగా అస్తమించును. డిసెంబరులో బరంపురమున ఇంచుమించు అయిదుంబావుకు పొద్దు గ్రుంకగా, ముంబయిలో ఆరుగంటల వరకు వెలుగుండును. సాయంకాలము ఒక ముహూర్తము లాభమని సంతోషింపవచ్చును. కాని ఉదయమునకూడ సూర్యుడు అంతే ఆలస్యముగా వచ్చును. నవకార్సీ పాటించువాడు సూర్యోదయము పిదప 48 నిమిషములు ఆగవలెను గనుక, ఇంటి గడియారము ప్రకారము ఇంకొక ముహూర్తము ఆగక తప్పదు. జమ కట్టుకొన్నవాడు ఖర్చునుకూడ వ్రాసికొనవలెను. సాయంకాలము ముంబయి సూర్యుని, ఉదయము బరంపురము గడియారమును అనుసరించుట దొంగలెక్క. వ్రతము గడియారమునకు కట్టుబడినది కాదు, ఊరికి కట్టుబడినది కాదు, సూర్యునికి కట్టుబడినది. సూర్యుడు ఎచటికి పోయినను వెంట వచ్చును.

వీనియన్నిటికంటె కఠినమైన ప్రశ్న తోడివారిని గూర్చినది. ఒక ఇంటినుండి మూడు తరములవారు బయలుదేరిరనుకొందురుగాక. నాయనమ్మకు చౌవిహారము, పొద్దు గ్రుంకిన పిదప నీరైనను ముట్టదు. కొడుకునకు కందమూలములు మాత్రము వలదు. మనుమలకు ఏ నియమమును లేదు. చౌపాటీకి సాయంకాలము పోవలెనని పిల్లల కోరిక. తరచు జరుగునది ఇది: మధ్యాహ్నమంతయు తిరిగి ఆలస్యమగును, భోజనశాల చేరునప్పటికి దీపములు పెట్టుదురు, నాయనమ్మ “నాకు ఆకలి లేదు నాయనా, మీరు తినండి” అనును. ఆ మాట నిజము కాదని అందరికి తెలియును. నిజమైనట్లు అందరు భోజనము చేయుదురు.

ఈ సందర్భమున ఎవరి వ్రతమును భంగమైనట్లు కనబడదు. నాయనమ్మ వ్రతము నిలిచినది, కొడుకు వ్రతము నిలిచినది. అయినను ఆ బల్లచుట్టు హింస జరిగినది. అజాగ్రత్తతో ప్రాణికి బాధ కలిగించుటయే హింసయని శాస్త్రము; పురుగులను గూర్చి అంత జాగ్రత్త పడువారు ఇంటి పెద్దదాని ఆకలిని గూర్చి పడలేదు. దీనికి ప్రతిగా అందరును చౌవిహారము పాటింపవలెనని నాయనమ్మ పట్టుబట్టుటయు సరికాదు. ఇష్టము లేనివానిపై మోపిన నియమము వ్రతము కాదు, దండన. న్యాయమైన మార్గము ఒకటే: అందరిలో ఎవరి నియమము కఠినమో వారి గడియారము ప్రకారము దినము ఏర్పరచుకొనవలెను, అందరి పళ్లెములను వారి నియమము ప్రకారము నింపనక్కరలేదు. అయిదు గంటలకు నాయనమ్మ భోజనము ముగిసిన పిదప చౌపాటీ గాలి ఆమెకును హాయిగనే ఉండును. ఖాక్రా, వేయించిన అటుకులు సంచిలో ఉండుట ఆమె భారము కాదు, అందరి భారము.

చివరకు పేరును గూర్చి ఒక మాట. విహారమునకు పోవుచు యాత్రయని చెప్పుకొను అలవాటు బాగా నాటుకొన్నది. వాల్కేశ్వరమున పది నిమిషములు దర్శనము చేసి, మూడు దినములు తిరిగి, ఇంటికి వచ్చి “యాత్ర బాగుగా జరిగినది” అందురు. కొలనుపాకకు పోయినవాడు యాత్రికుడు. ముంబయికి పోయినవాడు విహారికి పోయితినని చెప్పుటలో చిన్నతనము లేదు. అందు సత్యవ్రతమైనను నిలుచును. విహారమని ఒప్పుకొని హద్దు పాటించినవాడు, యాత్రయని చెప్పి హద్దు మరచినవానికంటె శ్రావకుడు.

భులేశ్వరమున ఒక చోటు సాధారణముగా ఏ పట్టీలోను కనబడదు. 1832లో వీధికుక్కలను చంపుటకు అధికారులు పూనుకొనగా పార్సీలు ముందు నిలిచి ప్రతిఘటించిరి. ఇతర మతములవారును కలిసిరి. 1834లో అనాథ పశువుల కొరకు పాంజరాపోల్ స్థాపితమైనది. స్థాపకులలో పార్సీ వర్తకుడు జంషెడ్జీ జీజీభాయ్ ముఖ్యుడు. వ్యాపారము కొరకు ఆ నగరమునకు వచ్చినవారు లాభములో ఒక పాలు మూగజీవులకు విడిచిన గుర్తు అది. చూచుటకు గొప్ప శిల్పము లేదు, తినుటకు రుచి లేదు. చూడవలసినవి, తినవలసినవి అను రెండు పట్టీలు నిండిన పిదప కాగితముమీద ఇంకను చోటుండిన యెడల, ఆవులకు ఒక మోపు గడ్డి అని అచట వ్రాసికొనవచ్చును.