గర్భమును లెక్కించు రాజులు

ధ్యాన భాగము: నిర్గమకాండము 1:15-21

తెలుగువారనేకులు జీవనార్థమై వెళ్లి స్థిరపడిన భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించెను. అక్కడ రైలు పట్టాలను టన్నులలో లెక్కింతురు. మాసమునకు ఇంతయని లక్ష్యము పెట్టుదురు. ఉక్కునకు అది తగినదే. అయితే ఆ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనే, బిలాస్‌పూర్ జిల్లాలో, 2014 నవంబరు 8న తల్లులను సహితము ఆలాగే లెక్కించిరి. వాడుకలో లేని ఆసుపత్రి భవనములో ఒక్క వైద్యుడు కొన్ని గంటలలో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసెను. దినమునకు 30కి మించరాదని ప్రభుత్వపు నియమమే యుండెను. ఆ దినములలో ఆ జిల్లా శిబిరములకు వచ్చినవారిలో 13 మంది మరణించిరి. చంటిబిడ్డల తల్లులు వారిలో నుండిరి. ఇట్టి శిబిరములను మూడేండ్లలో నిలిపివేయవలెనని 2016లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను.

హెబ్రీయుల సంఖ్యను చూచి ఫరో భయపడెను. మగశిశువులను చంపుడని మంత్రసానులకు సెలవిచ్చెను. షిఫ్రాయు పూయాయు దేవునికే భయపడిరి. ఆపరేషనును శిశుహత్యతో సమానము చేయువారు ఈ భాగమును తొందరపడి చదువుచున్నారని నా తలంపు. భార్యాభర్తలు ప్రార్థించి, తమ బలమును బిడ్డల పోషణను ఆలోచించుకొని, ఇంతటితో చాలుననుకొనుట పాపమని నేను బోధింపను. ఆమె మనస్సు నడుగక ఆమెను ఒక అంకెగా మార్చుటయే ఫరో చేసిన పని.

రాజుల తలంపులైతే మారుచుండును. ఇద్దరికి మించి బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలకు అనర్హులని 1994లో శాసనము చేసిన ఆంధ్రప్రదేశ్, 2024లో దానిని తీసివేసెను. ఎక్కువమందిని కనుడని ఆ రాష్ట్ర నాయకులే ఇప్పుడు పిలుపునిచ్చుచున్నారు. ఈ రెండు ఆజ్ఞలును ఆమె గర్భమునకే!

అయితే ఫరో రాజగృహమందే యున్నాడా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశపు వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది ఆపరేషను చేయించుకొనినవారు; భర్తయే చేయించుకొనిన కుటుంబములు వెయ్యింటికి మూడు. పురుషునికి అది చిన్నది, అపాయము తక్కువది. అయినను విశ్వాసుల గృహములలో సహితము ఆ భారము ఆమెదే. మగబిడ్డ పుట్టువరకు ఆగుమని అత్తగారు చెప్పుదురు, పుట్టగానే శిబిరమునకు పొమ్మని భర్త చెప్పును. ఆమె మాట ఎవరు వినిరి?

కాపరులారా, వివాహమునకు ముందు వధూవరులను కూర్చుండబెట్టినప్పుడు ఈ సంగతి వరునితో మాటలాడుడి. తరువాత వధువు నడిగి, ఆమె జవాబు చెప్పువరకు ఆగుడి.