ఇంటికి తెచ్చుకొన్న ప్రాణము

మంచమునో గడియారమునో కొన్నవాడు దాని వెల చెల్లించినతోడనే ఋణవిముక్తుడగును. అది చెడినచో బాగుచేయించుటయు, మూలబడవేయుటయు వాని యిష్టము. కుక్కపిల్ల విషయమున నట్లు గాదు. వెలయిచ్చి కొన్నదైనను, స్నేహితు లిచ్చినదైనను, వీధిలో దొరకినదైనను, అది గడప దాటి లోనికి వచ్చినది మొద లొక క్రొత్త లెక్క యారంభమగును. ఆ లెక్కను ముందుగా వేసికొను గృహస్థులు మనలో మిక్కిలి యరుదు. పిల్లవాడు మారాము చేసెననియో, ఇరుగుపొరుగువారి కున్నదనియో, కాపలాకు పనికివచ్చుననియో తెత్తురు. కొలది దినములలోనే పశువైద్యుడు టీకాలపట్టిక చేతికిచ్చును. అప్పుడు “కుక్కకింత ఖర్చా?” యను మాట పుట్టును. ఈ మాటలోని న్యాయాన్యాయములను విచారింపవలసియున్నది.

మొదట నా ఖర్చెట్టిదో తెలిసికొందము. కుక్కపిల్లలకు నులిపురుగులు తల్లిగర్భమునుండియు, తల్లిపాలనుండియు సంక్రమించును. కావున రెండువారముల వయస్సునుండియే రెండేసి వారముల కొకమారు కొంతకాలము పురుగులమం దియ్యవలెను. ఆఱు మొదలెనిమిది వారముల వయస్సులో డిస్టెంపరు, పార్వో మొదలగు వ్యాధులకు మొదటి టీకా వేయవలెను. అటుపిమ్మట మూడు నాలుగు వారముల కొకటి చొప్పున, పదునాఱు వారములు నిండువఱకు దానినే మరల వేయవలెను. మూడునెలలు నిండిన పిమ్మట రేబిస్ టీకా, తరువాత వైద్యుడు చెప్పిన గడువుల ప్రకారము మరల టీకాలు. ఇంతియే సామాన్యమైన వ్యయము.

“ఒకే టీకా యిన్నిమారులేల? ఇది వైద్యుల వ్యాపారము గాక మఱేమి?” అని కొంద ఱందురు. కారణము తెలిసినచో నీ యనుమానము తొలగును. పిల్ల త్రాగిన ముఱ్ఱుపాలలో తల్లి రక్తమునందలి రక్షకపదార్థము లుండును. అవి కొన్ని వారములు పిల్లను వ్యాధినుండి కాపాడును; కాని టీకామందును గూడ శత్రువుగానే యెంచి నిష్ఫలము చేయును. ఆ బలమొక పిల్లయందు రెండవనెలలోనే సన్నగిల్లును, మఱియొక పిల్లయందు నాలుగవనెలవఱకు నిలుచును. కంటితో చూచి యెవ్వరును చెప్పజాలరు. ఎప్పుడు తల్లిరక్షణ తొలగునో యప్పుడు టీకారక్షణ యందుకొనవలెను గనుక నన్నిమారులు వేయుదురు. మఱియు టీకామందును 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో నిలువచేయవలెను. దారిలో వేడి సోకినచో నది చెడును. మనము చెల్లించు వెల సీసాలోని చుక్కలకు మాత్రమే కాదు.

టీకా మానినచో నేమగును? 1978 ప్రాంతమున లోకమంతటను వ్యాపించిన పార్వో వ్యాధియే దీనికి సమాధానము. నిన్న గంతులు వేసిన పిల్ల నేడు మూలకు చేరును. వాంతులు, నెత్తుటి విరేచనములు పట్టుకొనును. అప్పుడు దినములతరబడి వైద్యశాలలో నుంచి, నరములలోనికి ద్రవ మెక్కించి, రేయింబవళ్లు కనిపెట్టవలెను. టీకాకు పట్టు వందలరూపాయల స్థానమున వేలు వ్యయమగును. అయినను బ్రతుకునను నమ్మకము లేదు. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యన నిదియే. కాని టీకా లాభసాటి బేరమని చెప్పి యూరకుండుట నా యుద్దేశము గాదు. బేరము గాకున్నను మన మీ వ్యయమునకు బద్ధులమా యనునదియే యసలు ప్రశ్న.

దీనికి బలమైన యాక్షేపణ మొకటి కలదు. మందులేక పసిబిడ్డలు చనిపోవు దేశమున కుక్కపిల్లకు సూదిమందులా యని దయగలవారును ప్రశ్నింతురు. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న గాదిది. అయితే దాని నడుగవలసిన సమయము పిల్లను తెచ్చుటకు ముందుగాని, తెచ్చిన పిమ్మట గాదు. దానము వేఱు, ఋణము వేఱు. ఎవరికి దానము చేయవలెనో యెన్నుకొను స్వేచ్ఛ మనకు గలదు; ఋణ మెవరికి తీర్పవలెనో యెన్నుకొను స్వేచ్ఛ లేదు. పిల్లను తల్లినుండి వేఱుచేసితిమి, మెడకు పట్టెడ కట్టితిమి, వాకిటి తలుపు వేసితిమి. తన తిండి తాను వెదకికొనుటకు గల త్రోవలన్నియు మూసితిమి. దాని నిస్సహాయత మనము కల్పించినది. కావున దాని చికిత్స మన దయాధర్మములోనిది గాదు, మన యప్పులోనిది. అప్పులవానితో “నీ సొమ్ము బీదల కిచ్చెద” నని చెప్పి తప్పించుకొనువానిని మన మేమందుము? పైగా సూదిమందు మాని మిగిల్చిన రూపాయలు రోగియైన పసిబిడ్డకు చేరిన యిం డ్లెన్ని? అవి రంగురంగుల పట్టెడకును, ఛాయాపటములకును చేరుటయే తఱచుగా చూచుచున్నాము.

మన భారతకథ మొదటను కుక్క కలదు, తుదను కుక్క కలదు. జనమేజయుని యాగశాలకు వచ్చిన సరమ కొడుకును రాజసోదరులు నిష్కారణముగా కొట్టిరి. ఆ తల్లి రాజసభకు వచ్చి, తన బిడ్డ చేసిన తప్పేమని యడిగెను. బదులు చెప్పువారు లేకపోయిరి. అనుకొనని భయము వచ్చునని పలికి యామె వెడలిపోయెను. తుదను ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లననెను. ఇందొక విశేషము గమనింపదగినది. ఆ కుక్కను ధర్మరాజు కొనలేదు, తేలేదు, పెంచలేదు. అది తనంత తాను వెంబడించినది. కేవలము వెంట నడచినదానియెడలనే యంతటి బాధ్యత నతడు గుర్తించినపుడు, చేతులార తెచ్చుకొన్న మన బాధ్యత యెంత గొప్పదై యుండవలెను! ఈ ఘట్టమును చదివి కన్నీరు విడుచువారే, జబ్బుపడిన పిల్లను గోనెలో కట్టి యూరిబయట విడిచివచ్చుట వింతగాదా?

ఈ ఋణము కుక్కపిల్లతో తీరునది గాదు, పొరుగింటి పసివానికిని చెందును. రేబిస్ లక్షణములు పొడసూపిన పిమ్మట మనుష్యుడు బ్రతుకుట దాదాపు లేదు. 1885 జులై 6వ తేదీన ఫ్రాన్సుదేశమున లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టరను బాలునకు మొదటి టీకాలు వేయించెను. ఆ దినముననే మన రెండు తెలుగురాష్ట్రములలోను పశువైద్యశాలలయందు పెంపుడుకుక్కలకు ఉచితముగా రేబిస్ టీకాలు వేయుట పరిపాటి. ఒకరి యలసత్వ మింకొకరి ప్రాణమునకు ముప్పు తెచ్చుచోట ప్రభుత్వము వ్యయమును పంచుకొనుట న్యాయమే. ఉచితముగా దొరకుదానికిని పిల్లను తీసికొనిపోనివాని కిక బీదతనము సాకు గాజాలదు.

అట్లయిన బీదలు కుక్కను పెంచరాదా? పెంచవచ్చును. పూరియింటి కుక్క మేడలోని కుక్కకంటె ప్రేమ నెక్కువగా పొందుట కలదు. సర్కారు వైద్యశాల దానికిని తెఱచియే యున్నది. నే నాక్షేపించునది డాంబికమును. మంచుదేశపు హస్కీకుక్కను విజయవాడ యెండలలోనికి తెచ్చి, చల్లనిగదికి, వైద్యునికి వెనుకాడుట ప్రేమ గాదు, ప్రదర్శనము. మన వీధికుక్కపిల్ల మన యెండకు తగినది.

ఈ ఋణమునకు మేర లేదా? కలదు. కన్నబిడ్డల నోరుకట్టి ఖరీదైన శస్త్రచికిత్స చేయింపుమని యే ధర్మమును చెప్పదు. రోగము శక్తికి మించినపుడు బాధ నుపశమింపజేయవలెను. ఇక కోలుకొనదని వైద్యుడు నిశ్చయించినచో నొప్పిలేని మరణమును దయలోనిదే. సర్వకాలములందును నిషిద్ధమైనది విడిచివేయుట. 1960లో చేసిన జంతుహింసానివారణ చట్టము, ఆకలిదప్పులపాలగునట్లు జంతువును విడుచుటను నేరముగా నెంచి, తొలితప్పునకు పది మొదలు ఏబది రూపాయల జరిమానా నిర్ణయించెను. ఒక్క సూదిమందు వెలకంటెను తక్కువయైన యీ జరిమానాకు వెఱచి మంచివాడగువా డెవడు? కావున నిచ్చట చట్టముకంటె మన మనస్సాక్షియే గట్టిదై యుండవలెను.

చదువరులకు నా విన్నప మొక్కటియే. పిల్లను తెచ్చుటకు ముందు భార్యాభర్తలును బిడ్డలును కలసి కూర్చుండి యొకయేటి ఖర్చు కాగితముపై వ్రాసికొనుడు. తిండి యెంత, టీకా లెన్ని, అకస్మాత్తుగా జబ్బుచేసిన నెంత తీసియుంచగలము, సెలవులలో చూచువా రెవరు అని యడుగుకొనుడు. ఆ లెక్కలో బిడ్డలను తప్పక చేర్చుకొనుడు. ప్రేమయనగా కొంత వ్యయమును కొంత శ్రమయు ననుట వారి కింతకంటె సులభముగా బోధపడు పాఠము లేదు. లెక్క కుదిరినచో తెండు. కుదురనిచో తేకుండుటయు దయయే. వాకిట నొక మట్టిమూకుడులో నీరు పోసి, వీధికుక్కలకు టీకాలు వేయువా రూరికి వచ్చినపుడు వారికి తోడ్పడినను చాలును. తెచ్చి మానుటకంటె తేక మానుట మేలు.