నష్టపరిహారం దానమా, బాకీనా?

వేసవి వస్తే విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి తోటల్లో కోతలు మొదలవుతాయి. రైతు తోటను వ్యాపారికి గుత్తకిస్తాడు. వ్యాపారి మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ కూలీలను తెస్తాడు. చెట్టెక్కిన కూలీ కొమ్మ విరిగి పడి నడుము పోగొట్టుకుంటే అతను ఎవరి మనిషి? రైతు వ్యాపారిని చూపిస్తాడు, వ్యాపారి మేస్త్రీని చూపిస్తాడు. మేస్త్రీ కూడా కూలి మనిషే. చివరికి నలుగురూ తలా కొంత వేసి ఆసుపత్రికి పంపి, పుణ్యం చేశామని తృప్తిపడతారు.

2022 ఏప్రిల్ 13 రాత్రి, నూజివీడు వైపు ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగి కనీసం ఆరుగురు మరణించారు. మృతుల కుటుంబాలకు 25 లక్షల రూపాయల చొప్పున ప్రభుత్వం ప్రకటించింది. సబబే. కానీ చెట్టు మీద నుంచి పడినవాడి సంగతి పత్రికలోకి కూడా ఎక్కదు.

“యజమాని తప్పేముంది? కొమ్మను అతనేమైనా విరిచాడా?” అని అడిగేవారున్నారు. తీసిపారేయవలసిన ప్రశ్న కాదిది. బావి తవ్వుతూ, గనిలో పనిచేస్తూ చనిపోయిన కూలీ విషయంలో, తప్పు లేని యజమానిపై దియత్ (రక్తపరిహారం) లేదని బుఖారీలోని హదీసు ఆధారంగా ధర్మవేత్తలు చెప్పారు. అయితే లాభం పొందేవాడే నష్టభారమూ మోయాలన్న సూత్రం కూడా ఫిఖ్హ్‌లోనే ఉంది. మన దేశంలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం నడిచింది ఇలాంటి తర్కం మీదే. పనిలో దెబ్బ తగిలితే చాలు, యజమాని తప్పు రుజువు చేయనక్కరలేదు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టంలాగే దీనికీ పనుల జాబితా ఉంది. జాబితాలో లేని పని చేసేవాడి ఎముక మాత్రం విరగదా?

చట్టం పరిహారాన్ని విధించిన చోట అది కొలువు ఒప్పందంలో భాగమవుతుంది. ఒప్పందాలు నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ (5:1) ఆదేశం. చట్టం చేరని చోట ఆ షరతును మనమే పెట్టుకోవచ్చు. నిచ్చెన వేయకముందే, “నీకేమైనా అయితే వైద్యం, పని లేని రోజుల కూలి నావి” అని సాక్షుల ముందు చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. తోటల మాట అలా ఉంచండి. రంజాన్‌కు ముందు మన ఇంటికి సున్నం వేయడానికి ఎవరినో పిలుస్తాం. అతనితో మనం మాట్లాడేది రోజు కూలి గురించే కదా!

మరో పొరపాటు కూడా జరుగుతోంది. పడినవాడి ఇంటికి జకాత్ సొమ్ము పంపి, లెక్క తీరిందనుకుంటారు. మన మీద ఉన్న బాకీని జకాత్‌తో చెల్లువేయడం కుదరదు. చట్టం వల్లనో, ఇచ్చిన మాట వల్లనో మీద పడిన పరిహారం, నా దృష్టిలో, అలాంటి బాకీయే. అది తీరకముందే యజమాని కన్నుమూస్తే, వారసులు ఆస్తి పంచుకోవడానికి ముందు (4:11) కూలీ ఇంటికి వెళ్ళి రావలసి ఉంటుంది.