తెలిసికొనుటయు అహింసయే

బళ్లారి వర్తకునికి పరాయిభాష కొత్తది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమున చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రమున కలిసెను. సరిహద్దు గీత మారినను తెలుగు, కన్నడము, ఉర్దూ, మార్వాడీ మాటలు ఒకే కొట్టులో వినబడుచునే యున్నవి. అయితే కొనవచ్చినవాని భాష నేర్చుట వేరు, ప్రక్కన కూర్చుండి పనిచేయువాని జీవితము నెరుగుట వేరు. మొదటిది వ్యాపారమునకు చాలును. రెండవదానికి మనసు కావలెను.

ఈ ప్రశ్న నేడు జైన గృహములలోనికే వచ్చినది. తోరణగల్లు ఉక్కు కర్మాగారమున్న ఈ జిల్లాలో, విద్యుత్ యంత్రములకు కావలసిన ప్రత్యేకమైన ఉక్కును తయారుచేయుటకై జె.ఎస్.డబ్ల్యు. సంస్థయు, జపాను దేశపు జె.ఎఫ్.ఇ. సంస్థయు 2023లో ఒడంబడిక చేసికొన్నవి. తాతల కొట్టు విడిచి ఇట్టి కొలువులలో ప్రవేశించు యువకులకు, బెంగుళూరు, హైదరాబాదులలో విదేశీయులతో కలసి పనిచేయు యువతులకు, ఇంటి పెద్దలు చేయు హెచ్చరిక తరచుగా ఒకటే: "వారి సంగతులు మనకేల? మన నియమము మనము కాపాడుకొన్న చాలును." ఈ మాటలో భక్తి గలదు. వివేకము గలదా?

జపానీయుల భోజనమునే తీసికొనుడు. చూపునకు కూరగాయల చారువలె నుండు వారి సూపు తరచుగా ఎండుచేప కాచిన నీటితో చేయబడును. అడిగి తెలిసికొనని శ్రావకుడు తనకు తెలియకయే వ్రతభంగము పొందును. అడిగినవాడు మరియొకటియు తెలిసికొనును. ఆ దేశపు బౌద్ధ మఠములలో 'షోజిన్' అను వంట గలదు. అందు మాంసము, చేప మాత్రమే గాక ఉల్లి, వెల్లుల్లియు నిషిద్ధములు. కాని ముల్లంగి మొదలగు దుంపలకు అందు నిషేధము లేదు. ఇంత దగ్గరగా నడచు రెండు మార్గములు ఎచ్చట విడిపోవునో చూచినవాడు, తన నియమమునకు కారణమేమని తన్ను తానే ప్రశ్నించుకొనును. అలవాటుగా నున్నది అప్పుడు వ్రతమగును.

మరియొక సంగతి. సూర్యాస్తమయము తరువాత తోటివాడు ప్రేమతో అందించిన మిఠాయిని, కారణము చెప్పక త్రోసిపుచ్చినచో, ఇచ్చినవాని మనసు నొచ్చును. రాత్రిభోజన త్యాగము నిలిచినది; అహింస నిలిచినదా?

"ఇతరుల ఆచారము నెరుగుట దానిని ఒప్పుకొనుట కాదా?" అని శంకించువారు గలరు. కాదనుటకు చరిత్రలో సాక్ష్యము గలదు. స్కాట్లండు దేశీయుడైన కాలిన్ మెకంజీ 1800 ప్రాంతమున మైసూరు సీమను సర్వే చేయుచుండగా, ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య ఆయనకు సహాయకుడుగా నుండెను. ఒక జైన అర్చకుడు తెలిపిన మతవిషయములను బొర్రయ్య ఆంగ్లమున కనువదించెను. ఆయన 1803లో మరణించిన పిమ్మట అది 'ఏషియాటిక్ రిసెర్చెస్' తొమ్మిదవ సంపుటమున వెలువడెను. మలెయూరి జైన పండితుడు ధర్మయ్యయు మెకంజీ కొలువులో చేరెను. ఆ వ్రాతలో మాట జైనునిది, తర్జుమా బ్రాహ్మణునిది, సేకరణ పాశ్చాత్యునిది. కంపెనీ పాలనకు అట్టి వివరములు పనికివచ్చిన మాట నిజమే. అయినను జైనమతమును వివరించినంత మాత్రమున బ్రాహ్మణుడు జైనుడు కాలేదు. తన ధర్మము చెప్పినందున జైనునికి లోటు రాలేదు.

అనేకాంతవాదమును కొందరు "అన్నియు సమానమే" అను అర్థమున వాడుదురు. అది సరికాదు. ఏ మాట ఏ దృష్టితో చెప్పబడెనో విచారింపుమని స్యాద్వాదము బోధించును. చేపను కూరగాయ యనుమని బోధింపదు. పరుని దృష్టి నెరిగి, తన వ్రతమున నిలుచుటయే అనేకాంతము కోరునది.

సంవత్సరి దినమున ప్రతి జైనుడును "మిచ్ఛామి దుక్కడం" అని, తెలిసియు తెలియకయు కలిగించిన నొప్పికి క్షమాపణ వేడును. పరదేశపు తోటివాని యెడల తెలియక చేసినవే ఎక్కువగా నుండును. తెలిసికొనుటకు సంవత్సరమంతయు అవకాశముండగా అడుగకయే గడపినవాడు, ఆ దినమున "తెలియక" అను మాటను ఏ ధైర్యముతో పలుకగలడు?